పదిహేడు రొయ్యలు

మా అమ్మాయి రొయ్యల్ని పెంచుతుంది. నేను రొయ్యల్ని వండుతాను. ఈ రెండు పనులూ ఒకే ఇంట్లో, పది అడుగుల దూరంలో జరుగుతుంటాయి. దేశం కాని దేశంలో, ఈ అల్ఫారెట్టాలో, మా వంటగదికీ హాలుకీ మధ్య గోడ లేదు, నడుమెత్తు గట్టు ఒకటుంది. ఆ గట్టు చివర పది గ్యాలన్ల గాజు తొట్టి. అందులో నాచు, నాలుగు మొక్కలు, ఒక ఎండు కొమ్మ, గోరంత ఎర్ర రొయ్యలు పద్నాలుగు, వాటితోపాటు నీలం రంగు ఫైటర్ చేప ఒకటి. చేపకి మా అమ్మాయి ఒక పేరు పెట్టింది. అదిక్కడ రాయను. రాస్తే మా చర్చిలో అదే పేరున్న పెద్దమనిషి నొచ్చుకుంటారు.

నేను సింకు దగ్గర రొయ్యలు ఒలుస్తుంటే తొట్టికి వీపు పెట్టి నిలబడాలి. అది మా అమ్మాయి పెట్టిన రూలు. "దే కెన్ సీ యూ అమ్మా" అంటుంది. పన్నెండేళ్ళ పిల్ల. తను రొయ్యలు తినడం ఎప్పుడో మానేసింది. భీమవరం పక్క ఊళ్ళో, రొయ్యల చెరువు గట్టు మీద పెరిగిన నా కడుపున ఇలాంటిది పుట్టిందేమిటా అని నాకు ఒళ్ళు మండిపోయేది. కూర కలుపుకుంటూ కావాలనే లొట్టలేసేదాన్ని.

అసలు ఫైటర్ చేపనీ రొయ్యల్నీ ఒకే తొట్టిలో పెడతానన్నప్పుడే నేను గొడవ పెట్టుకున్నాను. చేపంటే రొయ్యల్ని తినేదే కదా. ఇదేమన్నా స్నేహమా, సంసారమా? మా అమ్మాయి మాత్రం నెలరోజులు చదివి, నోట్సు రాసుకుని, ముందు రొయ్యల్ని వదిలి, అవి దాక్కోవడానికి నాచు దట్టంగా పెంచి, ఆ తర్వాతే చేపని తెచ్చింది. "ఫుల్‌గా ఉంటే అది ఏం చేయదు అమ్మా. ఆకలి అయితేనే ప్రాబ్లం" అంది. నాలుగు నెలలు ఆ మాటే నిలబడింది. రొయ్యలు చేప ముక్కు ముందు నుంచే నడిచి వెళ్ళేవి. అది వాటి వంక చూసి, పెద్దరికంగా పక్కకి తిరిగేది.

ఈ రొయ్యలు ఇక్కడివి కావు. మావారి ఉద్యోగం మారి మేం పాత ఊరు పార్సిప్పనీ నుంచి వచ్చేసేటప్పుడు, మా అమ్మాయి ప్రాణస్నేహితురాలు తన తొట్టిలోంచి ఐదు రొయ్యలు తీసి ఫ్లాస్కులో పోసి ఇచ్చింది. కారులో దారి పొడుగునా ఆ ఫ్లాస్కు మా అమ్మాయి ఒళ్ళోనే ఉంది. వాటి పిల్లలూ, వాటి పిల్లలూ కలిసి పద్నాలుగయ్యాయి. మొదటి ఐదింటిలో మిగిలింది ఒక్కటే, అన్నిటికన్నా పెద్దది, ముదురు ఎరుపు. ఆ వసంతకాలంలో దాని కడుపు కింద గుడ్లు కనబడ్డాయి, ఆవగింజల్లో సగం ఉన్న పసుపు గుడ్లు. అది వాటిని కాళ్ళతో విసురుతూ తిరుగుతుంటే మా అమ్మాయి భూతద్దం పట్టుకుని గంటలకొద్దీ చూసేది. ఊరు మారాక ఆ పిల్ల నాతో సరిగ్గా మాట్లాడింది లేదు. తన స్నేహితురాల్ని నేనే విడదీశానని కోపం. ఆ కోపంలో న్యాయం ఉందని తెలిసి, నాకు ఇంకా కోపమొచ్చేది.

అలాంటిది, స్ప్రింగ్ బ్రేక్‌లో చర్చి పిల్లల రిట్రీట్‌కి నాలుగు రోజులు వెళుతూ తొట్టి నాకు అప్పజెప్పింది. ఎక్కడో కొండల్లో క్యాంపు. ఫోన్లు తీసేసుకుంటారట.

"లిసన్ అమ్మా. మార్నింగ్ ఫోర్ పెల్లెట్స్, ఈవెనింగ్ ఫోర్. దట్స్ ఇట్. నీ ఐడియాస్ ఏమీ వద్దు."

"రొయ్యల గురించి నాకు చెబుతున్నావా? మా నాన్నకి పన్నెండెకరాల చెరువు ఉండేదే!"

"ఐ నో. ఎవ్రీ డే చెప్తావ్." సంచీ భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర ఆగింది. "నీకు తెలుసు కాబట్టే ఇస్తున్నా. డాడీకి ఇవ్వట్లే."

ఆ మాటకి నా కళ్ళు చెమర్చాయి. ఎనిమిది నెలల్లో ఆ పిల్ల నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. ఏం జరిగినా సరే, ఆ గుడ్ల రొయ్యని అలాగే తిరిగి తన చేతికి అప్పజెప్పాలనుకున్నాను.

గురువారం పొద్దున్న నాలుగు, సాయంత్రం నాలుగు మేత గింజలు వేశాను. శుక్రవారం పొద్దున్న ఫోన్లో తేదీ చూస్తుంటే అమావాస్య అని కనబడింది.

మాకు అమావాస్యతో పని లేదు. మూడు తరాలుగా చర్చి కుటుంబం. మంచిరోజూ చెడ్డరోజూ చూడం, అన్నీ దేవుడిచ్చినవే. కానీ నా చిన్నప్పుడు మా ఇంట్లో గోడకి వేలాడే చర్చి క్యాలెండర్ మీద, రోజుకొక వాక్యం ఉండేదాని మీద, మా నాన్న ప్రతి అమావాస్యకీ పౌర్ణమికీ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టేవాడు. ఒకసారి పాస్టరుగారు చూసి, "ఏంటండీ, మన ఇళ్ళల్లో కూడా ఇవి పాటిస్తున్నారా?" అన్నారు. "నాకు పట్టింపు లేదండీ, రొయ్యలకుంది" అన్నాడు నాన్న. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్యలు పెంకు విడుస్తాయి. పెంకు విడిచే రొయ్య మేత ముట్టదు. వేసిన మేత అడుగున కుళ్ళి నీళ్ళు పాడవుతాయి. అందుకని ఆ రోజుల్లో మేత తగ్గించేవాడు. నేను ఏడేళ్ళ వయసులోనే ఆ ఎర్ర సున్నాలు చూసి, గట్టు మీద పనివాళ్ళకి "ఈవేళ మేత వద్దంట" అని కేకేసి చెప్పేదాన్ని.

అల్ఫారెట్టాలో, నలభై నాలుగేళ్ళ వయసులో, ఆఫీసు మీటింగుకి ముందు, అదే గొంతుతో మావారితో అన్నాను. "ఈవేళ మేత వద్దు."

"ఏంటోయ్, చేపచేత అమావాస్య ఉపవాసం చేయిస్తున్నావా?" అని నవ్వి ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయారు. నేనూ నవ్వాను. ఆ రోజంతా గింజలు వేయలేదు.

శనివారం పొద్దున్న కాఫీ కలుపుతూ చూస్తే నాచు మీద ఒక రొయ్య పక్కకి ఒరిగి ఉంది. చచ్చిందనుకున్నాను. కళ్ళద్దాలు తెచ్చుకుని చూశాను. అది రొయ్య కాదు, విడిచిన పెంకు. మీసాలతో సహా, కళ్ళ మీది పొరతో సహా, లోపల మనిషి లేని చొక్కాలా ఉంది. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల కూడా నాన్న లెక్క తప్పలేదు! మావారిని పిలిచి చూపించి, "ఏమన్నారు నిన్న?" అని దెప్పాను. నాన్న అమావాస్య మర్నాడు కూడా సగం మేతే వేసేవాడని గుర్తొచ్చి, నేను అసలే మానేశాను.

పదకొండింటికి తొట్టి ముందుకొచ్చాను. మామూలుగా నా చెయ్యి కనబడితే చేప పైకొస్తుంది. రాలేదు. కొమ్మ వెనక తలకిందులుగా నిలబడి, రెక్కలు దగ్గరికి ముడుచుకుని, నాచులోకి ముక్కు దూర్చి ఉంది. కదలడంలేదు. జబ్బు చేసిందేమో అనుకున్నాను. ఇంతలో ఒక్కసారి ముందుకి దూకింది. వెనక్కి వచ్చినప్పుడు దాని నోట్లో లేత గులాబీ రంగుది ఏదో ఉంది. దానికి కాళ్ళున్నాయి, ఆడుతున్నాయి.

నా చేతిలో కప్పు గట్టు మీద పడి దొర్లింది.

అప్పుడు అర్థమైంది. నాన్న చెరువులో ఫైటర్ చేప లేదు. ఆయన మేత తగ్గించింది రొయ్యలకి. నేను తగ్గించింది చేపకి. సరిగ్గా రొయ్యలు పెంకు విడిచి, ఒళ్ళు మెత్తగా, పరుగెత్తలేక దాక్కునే రోజు చూసి, చేపని రోజున్నర పస్తు పెట్టాను. 'ఆకలి అయితేనే ప్రాబ్లం' అని పిల్ల చెప్పనే చెప్పింది.

గుప్పెడు గింజలు పోశాను. తినేసి, మళ్ళీ నాచులోకి వెళ్ళింది. రుచి మరిగింది దొంగముండ. వల తీసుకుని దాన్ని పట్టబోతే కొమ్మ కిందకి, మొక్కల వెనక్కి, ఫిల్టర్ మూలకి తప్పించుకుంది. భుజం దాకా తడిశాను. నా చెయ్యి కదిలినప్పుడల్లా నాచు లేచి, దాక్కున్న రొయ్యలు బయటపడుతున్నాయి. అవి బయటపడ్డప్పుడల్లా చేప వాటి మీదకి వస్తోంది. కాపాడటానికి పెట్టిన చెయ్యే వాటికి చేటైంది. మావారు తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడి "మెల్లిగా, మెల్లిగా" అంటుంటే ఆయన్ని కసిరాను. పావుగంటకి చేప వలలో పడింది. పళ్ళ గిన్నెలో తొట్టి నీళ్ళు పోసి, దాన్నందులో వదిలి, పైన పళ్ళెం మూసి, దాని మీద బైబిల్ స్టడీ పుస్తకం బరువు పెట్టాను.

ఆ తర్వాత లెక్కపెట్టాను. ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టాను. ఏడు. గంటాగి ఎనిమిది. గుడ్ల రొయ్య లేదు. కొమ్మ పక్క నుంచి, వెనక నుంచి, టార్చిలైటు వేసి వెతికాను. లేదు.

"చెప్పేద్దాం. చిన్నపిల్ల కాదు, అర్థం చేసుకుంటుంది" అన్నారు మావారు.

"మీకేం, మీకు అప్పజెప్పలేదుగా!" అన్నాను. మధ్యాహ్నం మూడింటికి కారు తాళాలు తీసుకున్నాను.

హైవే పక్కన పెంపుడు జంతువుల దుకాణంలో అవే ఎర్ర రొయ్యలున్నాయి. ఆరు కావాలన్నాను. గుడ్లున్నది ఒకటుందా అని అడిగాను. లేదు. పోనీ, గుడ్లు రాలిపోయాయని చెప్పొచ్చు అనుకున్నాను. అబద్ధం అంత తేలిగ్గా అమరిపోయింది. అక్కడ పనిచేసే ఆవిడ సంచీ కడుతూ, ఇంట్లో పాతవి ఉంటే వీటిని కొన్నాళ్ళు వేరే ఉంచమంది. "యా, యా, షూర్" అన్నాను.

ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. నాకు పదమూడేళ్ళు, హాస్టల్ నుంచి సెలవులకి వచ్చాను. చెరువు ఎండిపోయి, సున్నం చల్లి ఉంది. "పట్టుబడి అయిపోయిందమ్మా, ఈసారి ముందే పట్టేశాం" అన్నాడు నాన్న. మా వైపు పట్టుబడి అంటే పంట చేతికి రావడం. ఆ రాత్రి కోడి కోశారు కూడా. ఆదివారం చర్చిలో అందరం కళ్ళు మూసుకుని ఉండగా, ముందు వరసలో ఒక ఆంటీ గట్టిగా ప్రార్థన ఎత్తుకుంది. "ప్రభువా, తెల్లమచ్చ జబ్బుతో చెరువంతా పోగొట్టుకున్న ఈ కుటుంబాన్ని ఓదార్చు తండ్రీ." నేను కళ్ళు తెరిచాను. ఊరంతటికీ తెలుసు, నాకు తప్ప. ఆ జబ్బు నాన్న తెచ్చి వేసిన రొయ్య పిల్లలతోనే వచ్చిందనీ, వాటి పరీక్ష ఫలితం రాకముందే తొందరపడి చెరువులో వదిలాడనీ తర్వాత తెలిసింది. చెరువు పోయినందుకు నేను ఏడవలేదు. ఆ 'పట్టుబడి' అన్న మాటకి మాత్రం చాలా ఏళ్ళు నాన్నని క్షమించలేదు.

ఇదంతా గుర్తొచ్చి కూడా నేను కారు వెనక్కి తిప్పలేదు. దీపం పచ్చబడగానే ఇంటికొచ్చి, ఆరు రొయ్యల్నీ తొట్టిలో వదిలాను. సాయంత్రం చేపకి కడుపునిండా పెట్టి, దాన్నీ దాని ఇంట్లో వదిలాను. ఎనిమిదీ ఆరూ పద్నాలుగు.

ఆదివారం తలనొప్పని చెప్పి చర్చి మానేశాను. మావారు వెళ్ళి పిల్లని తీసుకొచ్చారు. వస్తూనే సంచీ గుమ్మంలో పడేసి, బూట్లతోనే తొట్టి దగ్గరికి పరుగెత్తింది. ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా, గెస్ వాట్! ప్రేయర్ రిక్వెస్ట్స్ అడిగారు. నేను ష్రింప్ బేబీస్ గురించి చెప్పా. ఎవరూ నవ్వలే. అందరూ ప్రే చేశారు!"

మావారు నా వంక చూసి, చూపు తిప్పుకున్నారు.

"పాలకూర ఉందా? ఉడికించింది."

"ఇప్పుడెందుకే? ముందు అన్నం తిను."

"కౌంట్ చేయాలి. లీఫ్ వేస్తే అన్నీ వస్తాయి."

ఆ కిటుకు నాకు తెలియదు. తెలిస్తే శనివారమంతా అలా టార్చిలైటుతో తచ్చాడేదాన్ని కాదు. ఫ్రిజ్‌లో ఉన్న పాలకూర ఆకు మరిగే నీళ్ళలో ముంచి, చల్లార్చి, తొట్టి అడుగుకి దించింది. కాసేపటికి ఒక రొయ్య వచ్చింది. రెండు. ఐదు. పిల్ల వేలితో గాజు మీద చూపిస్తూ పైకే లెక్కపెడుతోంది. తొమ్మిది, పది. పన్నెండు దగ్గర ఆగింది. నా ప్రాణం కూడా అక్కడే ఆగింది. కొమ్మ వెనక నుంచి ఒకటి వచ్చింది, పదమూడు. ఫిల్టర్ స్పాంజి కింద నుంచి ఇంకొకటి, పద్నాలుగు.

"ఫోర్టీన్!" అంది.

నేను ఊపిరి వదిలాను. అప్పుడు నాచు కదిలింది.

"ఫిఫ్టీన్?" అంది మా అమ్మాయి. "సిక్స్‌టీన్..." గొంతు తగ్గింది. చివరగా ఒక పెద్ద రొయ్య, ముదురు ఎరుపుది, పెంకు కొత్తగా మెరుస్తూ, మెల్లగా ఆకు దగ్గరికి నడిచొచ్చింది. దాని కడుపు కింద ఏమీ లేదు.

"సెవెంటీన్" అంది.

శనివారం నేను లెక్కపెట్టినప్పుడు అవి చావలేదు. మెత్తటి ఒంటితో దాక్కుని, పెంకు గట్టిపడేదాకా ఆగాయి. ఏ రొయ్యకైనా తెలిసిన ఓపిక. రొయ్యల చెరువు గట్టు మీద పెరిగిన నాకు ఒక్కరోజైనా లేకపోయింది. పోయినవి మూడే. నేను ఆరు కలిపాను.

మా అమ్మాయి నా వైపు తిరిగింది. "అమ్మా, ఎవరివి ఇవి?"

తలనొప్పి అన్నంత తేలిగ్గా ఇంకేదో నోటికి వచ్చేదే. వాటికి పిల్లలు పుట్టాయని అనొచ్చు. కానీ అప్పుడే పుట్టిన పిల్లలు అంత పెద్దవి ఉండవని ఆ పిల్లకి నాకన్నా బాగా తెలుసు. "నేనే కొనుక్కొచ్చాను" అన్నాను. అమావాస్య, మేత మానేయడం, చేప నోట్లో కాళ్ళు, దుకాణం, అన్నీ చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే అసహ్యమేసింది.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. "ఫిష్ తినేస్తే ఓకే. యాక్సిడెంట్" అంది చాలా మెల్లగా. "కొత్తవి డైరెక్ట్‌గా వేశావా? క్వారంటైన్ చేయలేదా?"

"లేదు."

"స్టోర్‌లో ఏం డిసీజ్ ఉందో నీకు తెలుసా?"

"తెలియదు."

"మీ డాడీ పాండ్ ఎలా పోయిందో నువ్వే చెప్పావ్ కదా నాకు. నువ్వే చెప్పావ్!" అంటూ అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పట్టుకోబోతే నా చెయ్యి తోసేసింది.

కొత్త ఆరింటినీ, రంగు పేలవంగా ఉన్నవాటిని, ఒక్కొక్కటే వలతో తీసి పళ్ళ గిన్నెలో వేసింది. ఒక రాత్రంతా అవి ఆ నీళ్ళలోనే ఉన్నాయి, ఇక తీసీ లాభం లేదని ఇద్దరికీ తెలుసు. పది పదిహేను రోజులు చూడాల్సిందే. ఆ పని చేస్తూనే నాచులో ఒక పెంకు దొరికింది. తల్లి రొయ్య విడిచిన పెంకు. దాని కింద గుడ్లు ఇంకా గుత్తిగా అంటుకునే ఉన్నాయి.

పిల్ల ఊపిరి బిగబట్టింది. "టీ ఫిల్టర్ ఇవ్వు."

స్టీలు టీ వడకట్టు కడిగి ఇచ్చాను. పెంకునీ గుడ్లనీ అందులో పెట్టి, ఫిల్టర్ నీళ్ళు పడేచోట వేలాడదీసింది. తల్లి కాళ్ళతో విసిరే పని నీటిధార చేయాలట. బతుకుతాయా అని అడిగాను. భూతద్దంలోంచి కన్ను తీయకుండానే "ఐ డోంట్ నో" అంది. గుడ్లు ఇరవై రెండున్నాయి.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ప్రతి పొద్దునా రొయ్యల ఒంటి మీద మచ్చలేమైనా వచ్చాయా అని చూడటం. వడకట్టు తొట్టిలో ఉంది కాబట్టి టీ వడకట్టకుండానే తాగడం. మా అమ్మాయి నాతో మాట్లాడేది, కానీ తొట్టి గురించి మాత్రం కాదు. మేత డబ్బా తన గదిలో పెట్టుకుంది. స్కూలుకి వెళ్ళే తొందరలో ఒకరోజు మర్చిపోయి గట్టు మీద వదిలేసింది. మర్నాడు కూడా అక్కడే ఉంది. అది మరుపు కాదని నాకు మూడో రోజుకి అర్థమైంది.

రెండు వారాలు కావస్తుండగా ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. మీటింగు మధ్యలో లేచి వడకట్టులోకి చూస్తే తొమ్మిది గుడ్లు తెల్లబడి, బూజు పట్టి ఉన్నాయి. అవి చచ్చిపోయినట్టే. వాటిని తీసి సింకులో పడేస్తే ఎవరికీ తెలియదు. పిల్ల వచ్చేసరికి మిగిలిన పదమూడూ శుభ్రంగా ఉంటాయి, కొన్ని రాలాయేమో అనుకుంటుంది. చెంచా చేతిలోకి తీసుకున్నాను కూడా.

చెంచా పక్కన పెట్టి ఫోన్ తీశాను. తెల్లబడ్డవి బాగా కనబడేలా, లైటు వేసి, ఫొటో తీసి పంపాను. 'తొమ్మిది పోయాయి. నేను ముట్టుకోలేదు. ఏం చేయమంటావ్?' అని రాశాను. స్కూల్లో ఫోన్ చూడనివ్వరు. రెండు గంటలు ఏ పనీ చేయలేక ఆ తొట్టి ముందే కూర్చున్నాను.

మూడుంపావుకి, బస్సు ఎక్కాక కాబోలు, జవాబొచ్చింది. 'వైట్‌వి తీసేయ్. స్లోగా. మిగతావాటికి ఐస్ ఉన్నాయా చూడు.'

భూతద్దం పెట్టి చూశాను. ఒక్కో గుడ్డులో రెండేసి నల్ల చుక్కలు. కళ్ళు. పదమూడింటికీ ఉన్నాయి. 'ఉన్నాయి' అని రాశాను. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టాను.

కాసేపటికి ఇంకొక మెసేజ్ వచ్చింది. 'టుడే పౌర్ణమి. చెక్ చేశా. ఫిష్‌కి పెట్టావా?'

'పెట్టాను' అని రాసి, లేచి, నాలుగు గింజలు లెక్కపెట్టి మరీ వేశాను. ఆ తర్వాతే పంపాను.